ఎడిసన్ టౌనుషిప్పు: నామచరిత్రము, భూస్వరూపము

ఊరిపేరు ఆ యూరికి తొలిశాసనము. ఱాతిమీది శాసనము పగులవచ్చును, తామ్రపత్రము కరగింపబడవచ్చును, జనుల నోట నెలకొన్న పేరు మాత్రము తన పుట్టుకకు కారణమైన వస్తువు నశించిన పిదపను నిలిచియుండును. కావుననే మన దేశమున గ్రామచరిత్రములు వ్రాసినవారు మొట్టమొదట గ్రామనామమును విచారించుచు వచ్చిరి. ఆ మార్గముననే సముద్రమున కావలనున్న యొక స్థలమును విచారింప బూనితిని. అది అమెరికా సంయుక్తరాష్ట్రములలో న్యూజెర్సీ రాష్ట్రమున మిడిల్‌సెక్సు కౌంటీకి జేరిన ఎడిసన్ టౌనుషిప్పు.

ఈ విషయము నెన్నుకొనుటకు గల కారణము స్వల్పమైనది. నా కుమార్తెయు అల్లుడును ఆ యూర కాపురముండుటచే నేనచ్చట కొన్నిమాసములు గడపితిని. మా మనుమనికి బడిలో తన యూరి చరిత్రమును వ్రాసికొని రమ్మని పని యొసగిరి. వాడు నాయొద్దకు వచ్చి, "తాతయ్యా, ఎడిసన్ మన యూళ్లోనే పుట్టినాడా?" అని యడిగెను. నాకు బదులు తోచలేదు. ప్రక్కనున్న అల్లుడు నవ్వి, "పొలములు చదునుచేసి యిండ్లు కట్టిన పేట యిది మామయ్యగారూ, దీనికి చరిత్ర యెక్కడిది?" అనెను. ప్రశ్న బాలునిది, తీర్పు పెద్దవానిది. ఆ తీర్పు సరియైనదా యని పరీక్షించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

టౌనుషిప్పనగా నేమి?

ముందుగా సంజ్ఞను నిర్ణయింపవలయును. టౌనుషిప్పు అను మాటను మనవారు పట్టణమని తెనిగింతురు. అది సరిగాదు. న్యూజెర్సీలో స్థానికపాలనకు బరో, టౌనుషిప్పు, సిటీ, టౌను, విలేజి అని యైదువిధములైన సంస్థలు కలవు. ఈ భేదము జనసంఖ్యను బట్టి యేర్పడినది కాదు. సంస్థ యే శాసనముచే నేర్పడెను, ఏ రీతిని పాలింపబడును అనుదానిని బట్టి యేర్పడినది. ఆ రాష్ట్రమునందలి భూమి యంతయు నేడు 564 స్థానికసంస్థలకు పంచబడియున్నది. ఏ సంస్థకును జేరని నేల జానెడైనను లేదు. 1798వ సంవత్సరమున నొక శాసనముచే 104 టౌనుషిప్పులకు రాష్ట్రప్రభుత్వము చట్టరూపము నొసగెను. పిమ్మట వచ్చినవి పెక్కు వాని ఖండములే.

ఈ టౌనుషిప్పు మన రెవిన్యూ గ్రామమును బోలినది. మనకును గ్రామమనగా ఇండ్లగుంపు మాత్రమే కాదు. పొలము, చెఱువు, పోరంబోకు, శివారుపల్లెలు అన్నియు గలిసి గ్రామము. దాని స్వరూపము నడిబొడ్డున గాక పొలిమేరయందు నిర్ణయమగును. ఎడిసనుకు వచ్చిన క్రొత్తవారు "ఊరి నడుమ ఎక్కడ?" అని వెదకి విసుగుచెందుదురు. నడుమ లేకపోవుటకు కారణము గలదు. దానిని ముందు చెప్పెదను.

భూస్వరూపము

ఈ టౌనుషిప్పు వైశాల్యము సుమారు 30 చదరపుమైళ్లు. దక్షిణమున రారిటన్ నది సరిహద్దు. సముద్రపు పోటుపాటులు ఆ భాగమున నదియందు గానవచ్చును. తూర్పున వుడ్‌బ్రిడ్జి టౌనుషిప్పును, పడమట పిస్కాటవే టౌనుషిప్పును గలవు.

నేల మూడువిధములు. అధికభాగము ఎఱ్ఱని పలకఱాతినేల; త్రవ్వినచోట్ల రక్తచందనపు వన్నె మన్ను బయటపడును. రెండవది, సుమారు ఇరువదివేల యేండ్లక్రిందట ఉత్తరమునుండి దిగివచ్చిన మహాహిమరాశి తన కొనను వదలిపోయిన కంకరగుట్టల వరుస. అది పెర్తు అంబాయి కడనుండి మెటచిన్ మీదుగా వాయవ్యముగా సాగును. మూడవది ఆగ్నేయమునందలి బంకమన్ను. వుడ్‌బ్రిడ్జి, రారిటన్ ప్రాంతముల బంకమన్ను ఇటుకలకు, కొలిమిలోపల పరచు అగ్నిసహమైన యిటుకలకు, కుండపనికి ప్రసిద్ధికెక్కినది. ఉత్తరభాగమున నీరు నిలుచు పల్లపునేల కలదు. డిస్మల్ స్వాంపు, అనగా దిగులు గొలుపు చిత్తడి యని దానికి పేరు.

నేలకంటెను ముఖ్యమైనది స్థితి. న్యూయార్కునుండి ఫిలడెల్ఫియాకు పోవువారు రారిటన్ నదిని దాటకతప్పదు; దాటుటకు ముందు ఈ నేలమీద నడువకతప్పదు. మూలవాసుల కాలిబాట, పిదప గుఱ్ఱపుబండ్ల రాజమార్గము, 1830-40 సంవత్సరముల నడుమ రైలుమార్గము, 1913లో ఏర్పడిన లింకన్ హైవే, 1951లో తెఱవబడిన న్యూజెర్సీ టర్న్‌పైకు: ఇవన్నియు ఈ పొలిమేరలోనుండియే పోయినవి. దారిప్రక్కనున్న యింటికి వచ్చిపోవువా రధికులు. ఈ యూరి చరిత్రమంతయు ఈ యొక్కమాటలో నిమిడియున్నది.

నామములు, నాలుగర్థములు

దేశనామములు పుట్టు రీతులను పాణిన్యాచార్యుడు నాలుగర్థములుగా విభజించెను. ఫలానివస్తువు ఇందున్నదను నర్థమున నొకటి. ఫలానివానిచే నిర్మింపబడినదను నర్థమున నొకటి. ఫలానివారి నివాసమను నర్థమున నొకటి. ఫలానిదానికి దవ్వుగానిదను నర్థమున నొకటి. చాతురర్థికములని వీనికి వ్యవహారము. చింతలపూడి, వేపగుంట మొదలైన మన గ్రామనామములు మొదటి తెగలోనివని పండితులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ నాలుగర్థములును ఎడిసన్ పొలిమేరలో దొరకుట నన్నాశ్చర్యపఱచినది.

ఓక్‌ట్రీ యను శివారు మొదటి తెగలోనిది. ఓకువృక్షమున్న చోటని యర్థము. నిక్సన్ అనునది రెండవదానికి జేరును. లూయీ నిక్సన్ అను పారిశ్రామికుడు స్థాపించిన నైట్రేషన్ కర్మాగారముచే ఆ పేట యేర్పడెను. 1924 మార్చి 1న అచ్చట జరిగిన ప్రేలుడున ఇరువదిమందివఱకు మరణించిరి. బాన్‌హాంటౌను, స్టెల్టన్ మూడవ తెగవి. పదునేడవ శతాబ్దమునందలి నికొలాస్ బాన్‌హాం పేరును, స్టెల్ అను కుటుంబము పేరును వానియందు నిలిచినవి. ఇక నాలుగవ యర్థమునకు రారిటన్ పేరే యుదాహరణము. నదికి దవ్వుగానిది గనుక టౌనుషిప్పునకు పూర్వము రారిటన్ అనియే నామము.

రారిటనులనగా లెనాపీ జాతికి జేరిన మూలవాసుల యొక తెగ. ఆ నదీతీరము వారిది. 1664లో ఇంగ్లాండువారు ఈ ప్రాంతమును డచ్చివారినుండి గ్రహించిరి. 1666లో న్యూ ఇంగ్లాండు ప్రాంతమునుండి వచ్చినవారు ఇచ్చట భూములు సంపాదించి పిస్కాటవే, వుడ్‌బ్రిడ్జి గ్రామములను నెలకొల్పిరి. పిస్కాటవే యను పేరు న్యూహాంప్‌షైరు పొలిమేరలోని పిస్కాటక్వా నదినుండి వచ్చినదందురు. తమ పూర్వస్థానపు పేరును మూటగట్టుకొని వచ్చుట వలసపోవువారి కెల్లెడల స్వభావము. ఉత్తరమధుర పేరు పాండ్యదేశమునకు దక్షిణమధురయై వచ్చినదిగదా.

పత్రములపై గుర్తులు వేసి భూములిచ్చిన లెనాపీలు భూవిక్రయమును మనవలె నెఱింగినవారు గారు. నేలను వాడుకొను హక్కు వేఱు, నేలను శాశ్వతముగా విడుచుట వేఱు అని వారి భావన. న్యూజెర్సీలో మిగిలినవారికి 1758లో బ్రదర్టన్ అనుచోట కొంతభూమి కేటాయించిరి. పందొమ్మిదవ శతాబ్ద్యారంభమున అదియు విక్రయింపబడగా వారు ఉత్తరమునకు వలసపోయిరి. వారు పోయిరి, వారి పేరు నదియందు నిలిచెను.

ముక్కలైన పొలిమేర

అమెరికా స్వాతంత్ర్యయుద్ధమున ఈ దారి రణరంగమైనది. 1777 తొలిమాసములలో బ్రిటిషుసేనలు బాన్‌హాంటౌను, పిస్కాటవే ప్రాంతముల విడిసియుండ, గడ్డికై ధాన్యమునకై బయలువెడలిన వారి దండ్లపై అమెరికను దళములు దాడి సల్పుచుండెను. ఆ యేడు జూన్ 26న లార్డు స్టిర్లింగు సేనకును హౌ సేనానికిని షార్టుహిల్సు యుద్ధము జరిగెను. అందొకభాగము ఓక్‌ట్రీ సమీపమున జరిగినది. నేడు ఓక్‌ట్రీ మార్గమున చీరలంగళ్లకును మిఠాయిదుకాణములకును పోవు మనవారిలో ఈ సంగతి నెఱిగినవారు నాకు కనబడలేదు.

1870 మార్చి 17న పిస్కాటవే, వుడ్‌బ్రిడ్జి టౌనుషిప్పులనుండి కొంతకొంత భూమిని వేఱుచేసి రారిటన్ టౌనుషిప్పు నేర్పఱచిరి. ఇచ్చట నొక వింత జరిగినది. పిస్కాటవే గ్రామమునకు మూలస్థానమైన పిస్కాటవేటౌను ఈ క్రొత్త టౌనుషిప్పులో పడెను. నేటికిని పిస్కాటవేటౌను పిస్కాటవేలో లేదు, ఎడిసనులో నున్నది. పొలిమేర జరిగినది, పేరు కదలలేదు.

ఆ కాలమున న్యూజెర్సీలో బరోజ్వరము ప్రబలెను. ఏ చిన్న ఇండ్లగుంపైనను తన పన్నులను, తన బడిని తానే చూచుకొనవలయునని టౌనుషిప్పునుండి విడిపోవుచుండెను. రైలుస్టేషను, అంగళ్లు, దట్టమైన నివాసములు గల మెటచిన్ 1900లో విడివడి బరోయయ్యెను. న్యూ బ్రన్స్విక్కు నగరమున కెదుటనున్న హైలండుపార్కు 1905లో అట్లే పోయెను. మెటచినుకు నలువైపుల ఎడిసనే యున్నది. గారెకు నడుమ రంధ్రమువలె అది యమరినది. ఎడిసనుకు నడిబొడ్డు లేకపోవుటకు కారణమిదియే. నడుమలు తమంతట తాము విడిపోగా మిగిలిన అంచులే ఈ టౌనుషిప్పు. చరిత్రము లేనందున దీనికి నడుమ లేకపోలేదు. నడుమ లేకపోవుటయే దీని చరిత్రము.

మెన్లోపార్కు

ఇక బాలుని ప్రశ్నకు వత్తము. థామస్ ఆల్వా ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న ఒహాయో రాష్ట్రమునందలి మైలాను అను గ్రామమున పుట్టెను. 1931లో న్యూజెర్సీలోనే వెస్టు ఆరెంజి యను చోట గతించెను. ఈ యూర పుట్టలేదు, ఈ యూర చావలేదు. అయినను ఆయన యశస్సులో ప్రథానభాగ మిచ్చటనే పుట్టినది.

రైలుమార్గము ప్రక్కన మెన్లోపార్కు అను నివాసస్థలమును కొందఱు వ్యాపారు లేర్పఱచి, ఇండ్లస్థలము లమ్మజూచి విఫలులైరి. భూమి చౌక, న్యూయార్కు సుమారు 25 మైళ్లు, రైలు ఇంటిముందు. 1876లో ఎడిసన్ ఇచ్చట తన పరిశోధనాలయమును కట్టించెను. 1877లో మాటను పట్టి మరల పలికించు ఫోనోగ్రాఫు యంత్ర మిచ్చట పుట్టెను. 1879 అక్టోబరున మాడ్చిన నూలుపోగుతో విద్యుద్దీపము చాలగంటలు వెలిగెను. ఆ సంవత్సరాంతమున, డిసెంబరు 31వ రాత్రి, రైళ్లలో వచ్చిన జనసందోహము ఎదుట అచ్చటి వీధులు దీపములతో వెలుగొందెను. పిదప జపానుదేశపు వెదురునుండి చేసిన పోగు ఎక్కువకాలము నిలుచునని కనుగొనిరి. 1880లో అచ్చటనే చిన్న విద్యుద్రైలును నడపిరి.

ఒక్కొక్క వస్తువును కనుగొనుటకంటె గొప్పపని, కనుగొనుటకే యొక కర్మశాలను కట్టుట. గణితజ్ఞుడు, గాజుపనివాడు, కమ్మరి, రసాయనవేత్త ఒక్కకప్పుక్రింద కూర్చుండి యొక్క ప్రశ్నను పట్టుట మెన్లోపార్కున సాధ్యమయ్యెను. ఇది పల్లె; రాత్రింబవళ్లు పనిచేయువారి దృష్టిని మరల్చునది యేదియు లేదు. కావున స్థలమునకును ఫలమునకును సంబంధము లేదనరాదు.

ఆయన యిచ్చట నిలిచినది కొన్నియేండ్లు మాత్రమే. నగరములకు దీపములను సమకూర్చు పనికై న్యూయార్కునకు బోయెను. 1884లో ఆయన భార్య మేరీ మెన్లోపార్కుననే మరణించెను. 1887లో క్రొత్త పరిశోధనాలయమును వెస్టు ఆరెంజిలో నెలకొల్పుకొనెను. పాతశాల పాడుపడెను. 1929లో దీపపు స్వర్ణోత్సవమునకై హెన్రీ ఫోర్డు మిగిలిన కలపను, ఇటుకలను, సామగ్రిని సేకరించి, లేనివానిని క్రొత్తగా చేయించి, మిచిగను రాష్ట్రమునందలి డియర్‌బార్నున ఆ శాలను మరల నిలిపెను. ఇంతటితో తృప్తిపడక న్యూజెర్సీ యెఱ్ఱమన్నును రైలుబండ్లలో తరలించుకొనిపోయి దానిచుట్టు పోయించెను. ఇల్లు పోయినది సరియే, ఇంటిక్రింది మన్నును పోయినది! శాలయున్నచోట 1938 ఫిబ్రవరి 11న 131 అడుగుల స్మారకస్తంభమును ప్రతిష్ఠించిరి. దాని శిఖరమున సుమారు పదునాలుగడుగుల గాజుదీపము కలదు.

రారిటన్ పోయి ఎడిసన్ వచ్చుట

మొదటి ప్రపంచయుద్ధకాలమున నదీతీరమున ఆయుధములను భద్రపఱచి ఓడలకెక్కించు రారిటన్ ఆర్సెనల్ ఏర్పడి 1963 వఱకు నడచెను. 1942లో ఎడిసన్, పిస్కాటవేల పొలిమేరలో కాంప్ కిల్మరను సైనికశిబిరము వెలసెను. ఐరోపాకు పోవు లక్షలకొలది సైనికులు ఓడలకెక్కుటకు ముందు అచ్చట విడిసిరి. 1956లో హంగరీదేశపు తిరుగుబాటు అణచివేయబడగా పారిపోయి వచ్చిన ముప్పదివేలకు మించిన శరణార్థులకు ఆ శిబిరమే తొలినీడ. ఈ నేల అతిథులకు క్రొత్తకాదని చదువరులు గమనింతురుగాక.

1948లో ఫోర్డుకంపెనీవారి మోటారుబండ్ల కర్మాగారము తెఱవబడెను. అది యున్నది ఈ టౌనుషిప్పులో. దానికి బెట్టిన పేరు మెటచిన్. ఎడిసన్ ఇంటిని తరలించిన ఫోర్డు పేరుగల కంపెనీయే ఎడిసన్ ఊర బండ్లు చేసినది. 2004లో అదియు మూతపడెను.

న్యూజెర్సీలోనే హంటర్‌డన్ కౌంటీలో రారిటన్ టౌనుషిప్పు మఱియొకటి కలదు. సోమర్సెట్ కౌంటీలో రారిటన్ బరో కలదు. 1954 నవంబరున ప్రజల ఓటుచే ఈ టౌనుషిప్పునకు ఎడిసన్ అని పేరు మార్చిరి. అప్పటికి ఆయన గతించి 23 సంవత్సరములు. ఆయన శాల తరలిపోయి పాతికయేండ్లు. ఈ నామము పాణిని చెప్పిన నాలుగర్థములలో దేనికిని నేరుగ లొంగదు. ఆయన ఇందు లేడు. ఊరిని ఆయన నిర్మింపలేదు. నివాసమనుటకు ఆ కాలము స్వల్పము. ఇది సంస్మరణార్థకము. 1972లో ఒంగోలు జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టుటయు నిట్టిదే.

పేరు మారిన కాలముననే జనమును మారినది. 1950లో 16,348గా నున్న జనసంఖ్య 1960 నాటికి 44,799 అయ్యెను. యుద్ధమునుండి మరలివచ్చినవారు నగరములను విడిచి తోటయిండ్లకు వచ్చుట, పెద్దరహదారులు, కర్మాగారములు దీనికి కారణములు. మా అల్లుడు చెప్పిన "పొలములు చదునుచేసి కట్టిన పేట" ఈ దశకమునకు సరిపోవును. ఆయన తప్పు చెప్పలేదు. చరిత్రమున నొక యధ్యాయమును జదివి గ్రంథమంతయు నదియే యనుకొనెను.

మనవారు

1965లో అమెరికా ప్రభుత్వము దేశమునుబట్టి వలసల పరిమితిని నిర్ణయించు పాతచట్టమును మార్చెను. వైద్యులు, ఇంజనీర్లు మనదేశమునుండి పోసాగిరి. 1990 తరువాత కంప్యూటరు వృత్తివారు పెక్కురు పోయిరి. నగరమునకు రైలు, చౌకయిండ్లు, మంచిబడులు కలుగుటచే ఎడిసన్ వారికి తగిన నెలవయ్యెను. ఓక్‌ట్రీ మార్గమున ఎడిసనునుండి వుడ్‌బ్రిడ్జికి జేరిన ఐజెలిన్ వఱకు భారతీయుల అంగళ్లు వెలసినవి. 2020 జనాభాలెక్కలో 1,07,588 జనములో సగమునకు మించి ఆసియావాసుల సంతతివారే. గోంగూర దొరకు అంగటిముందు కృష్ణాజిల్లా యాసయు, కరీంనగరు యాసయు ఒక్కమాఱే నాచెవిని బడినవి. 2022లో భారతీయసంతతివాడైన సాం జోషి మేయరు పదవి స్వీకరించెను.

ఈ మార్పు నిష్కంటకముగా జరుగలేదు. 2010లో టైం వారపత్రికయందు ఎడిసనులో పెరిగిన యొక రచయిత, తాను పెరిగిన యూరు భారతీయులవలన ఆనవాలు పట్టరానిదైనదని పరిహాసముగా వ్రాసెను. నిరసనలు చెలరేగగా పత్రికయు రచయితయు విచారము దెలిపిరి. ఆ మాటలు మనవారిని నొప్పించినవి. నాకు తోచినదేమనగా, వానికి బదులు కోపము గాదు, చరిత్రము. ఆనవాలు పట్టరానిదగుట ఈ నేలకు ప్రతి రెండుమూడు తరముల కొకమాఱు జరుగుచు వచ్చినది. లెనాపీలకు 1666 తరువాత, పాతరైతులకు 1950 తరువాత, బండ్ల కర్మాగారపు పనివారికి 2004 తరువాత ఆ యనుభవమే కలిగెను. తన బాల్యమునందలి యూరే అసలైన యూరని తలంచుట మానవసహజము. దానిని చరిత్రమనుకొనుట భ్రాంతి.

అట్లే మనవారి భ్రాంతియు నొకటి కలదు. తామువచ్చుటకు ముందిచ్చట నేమియు లేదనుకొనుట. ఈ రెండు భ్రాంతులును ఒక్కకొమ్మ కాయలే.

ఉపసంహారము

గ్రామనామముల వ్యుత్పత్తియే ప్రమాణమైనచో, ఆ వ్యుత్పత్త్యర్థము నశించినపుడు నామమును నశింపవలసివచ్చును. అట్లు నశింపకుండుటచే లోకవ్యవహారమే ప్రమాణమని పాణిన్యాచార్యుని యాశయము. రారిటనులు లేని నది రారిటనే. పిస్కాటవేలో లేని పిస్కాటవేటౌను పిస్కాటవేటౌనే. ఎడిసన్ లేని యూరు ఎడిసనే. వైయాకరణునికి ఇంతటితో చాలును. చరిత్రకారునికి చాలదు, నామము నిలిచి యర్థము తొలగినచోటనే వాని పని మొదలగును.

మెకంజీ దొరగారు కావలి సోదరుల సాయమున మన గ్రామముల కైఫీయతులను సేకరింపకున్నచో, ఎన్ని యూళ్ల సంగతులు కరణముల కవిలెకట్టలతో నశించియుండెడివో మన మెఱుగుదుము. విదేశముననున్న తెలుగువారు తమ పూర్వగ్రామముల చరిత్రములను అభిమానముతో వ్రాయించుచున్నారు. అది మెచ్చదగినదే. తాముండు యూరికిని కైఫీయతు వ్రాసిననాడు వారచ్చట విడిదివారు గాక ఊరివా రగుదురు.

మనుమనికి నేను చెప్పిన బదులు వాడు తన భాషలో వ్రాసికొనిపోయెను. ఎడిసన్ మన యూర పుట్టలేదు. మన యూరే ఆయన పని ముగించి వెడలిన డెబ్బదియేండ్లకు ఆ పేరుతో పుట్టినది. అంతకు ముందు దానికి నదిపేరు. ఆ నదికి దానితీరముననుండిన మనుష్యుల పేరు. వాడు వ్రాసినదానిలో చివరివాక్యము మాత్రము నేను చెప్పినది కాదు: ఆ మనుష్యులు ఇప్పుడెక్కడనున్నారని వాడు తన యుపాధ్యాయురాలిని ప్రశ్నించెను.